పాఠశాలలు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు
(ప్రసంగ పాఠం)

2020 ఏప్రిల్ 7వ తేదీన ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రాయపూర్‌లో ఒక విద్యా వేదికను ప్రారంభించినది. ఛత్తీస్‌గఢీ భాషలో దాని పేరు 'పఢఈ తుంహర్ దుఆర్'. 'చదువు మీ వాకిటికి' అని దాని అర్థం. కరోనా వ్యాధి మూలంగా బడులు మూతపడి అప్పటికి నెల కూడా నిండలేదు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సహాయంతో విద్యాశాఖ దీనిని సిద్ధం చేసినది. కొద్ది నెలలలోనే 20 లక్షలకు పైగా విద్యార్థులు ఇందులో తమ పేర్లు నమోదు చేసుకొన్నారు.

పేరు నమోదు కావడం వేరు, చదువు సాగడం వేరు. బస్తర్ అడవులలో ఫోనుకు సంకేతమే అందని పల్లెలు అనేకం ఉన్నవి. అట్టి చోట్ల లౌడ్‌స్పీకర్లు కట్టి పాఠాలు వినిపించినారు. వారపు సంతకు వచ్చినవారి ఫోనులలోనికి బ్లూటూత్ ద్వారా పాఠాలను ఎక్కించి ఇళ్ళకు పంపినారు. ఈ పద్ధతికి అక్కడ 'బుల్టూ కే బోల్' అనే ముద్దుపేరు ఏర్పడినది. ఇందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. పల్లెలో ఏమి ఉన్నదో, ఏమి లేదో తెలిసినవారు ఆలోచించిన ఉపాయం అది. అవసరం ముందు తేలినది, పరికరం తరువాత వచ్చినది. పాఠశాలలకు సాఫ్ట్‌వేర్ కొనే వ్యవహారంలో సాధారణంగా ఈ క్రమం తలకిందులవుతున్నది. వస్తువు ముందు వస్తుంది, దానికి తగిన అవసరాన్ని తరువాత వెదకుతారు.

సభలో గ్రంథపాలకులు, ఉపాధ్యాయులు ఎక్కువగా ఉన్నారు కనుక వారందరికీ పరిచయమైన స్టాకు రిజిష్టరుతో విషయాన్ని ఆరంభించడం సులువు. ఆ రిజిష్టరులో బల్లలు ఉంటాయి, బీరువాలు ఉంటాయి, విరిగిన కుర్చీలు కూడ కొట్టివేత ఉత్తరువు వచ్చేవరకు ఉంటాయి. కంప్యూటర్లు సైతం ఉంటాయి. వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్ మాత్రం చాలా పాఠశాలల రిజిష్టరులో కనిపించదు. చేతితో తాకలేని వస్తువు కనుక దానిని ఆస్తిగా ఎవరూ లెక్కించరు. ఎన్ని లైసెన్సులు కొన్నారు, గడువు ఏనాటితో తీరుతుంది, దాని సంకేతపదం ఎవరివద్ద ఉన్నది అనే మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉన్న పాఠశాలలు అరుదు. జవాబు తెలిసిన ఉపాధ్యాయుడికి బదిలీ అయితే ఆయన వెంట సంకేతపదం కూడ బదిలీ అవుతుంది.

బల్ల కొన్నప్పుడు దాని ఖర్చు ఆనాటితో ముగుస్తుంది. సాఫ్ట్‌వేర్ కొన్ననాడు ఖర్చు మొదలవుతుంది. లైసెన్సు వెల అందులో ఒక భాగం మాత్రమే. ఏటేటా నిర్వహణ రుసుము, ఉపాధ్యాయులకు శిక్షణ, పాత రిజిష్టరులలోని వివరాలను ఎక్కించే శ్రమ, చివరకు ఆ సాఫ్ట్‌వేర్‌ను వదలి మరొకదానికి మారేటప్పుడు అయ్యే వ్యయం, ఇవన్నీ కలిస్తేనే అసలు ధర. ఈ సంగతిని కేంద్ర ప్రభుత్వ లెక్కలే తేటతెల్లం చేస్తున్నవి. 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకం కింద కంప్యూటర్ ప్రయోగశాల నెలకొల్పడానికి ఒక పాఠశాలకు ఒక పర్యాయం 6.40 లక్షల రూపాయల వరకు, ఆపైన నిర్వహణకు ఏడాదికి 2.40 లక్షల రూపాయల వరకు అయిదేళ్ళపాటు ఇవ్వడానికి వీలు కల్పించినారు. అయిదేళ్ళ నిర్వహణ మొత్తం 12 లక్షలు. అనగా నెలకొల్పే ఖర్చుకు దాదాపు రెట్టింపు నిలుపుకొనడానికే కావాలని పథకం రూపొందించినవారికి తెలుసును. అయినా టెండరు పిలిచేటప్పుడు జరిగే చర్చ అంతా మొదటి అంకె చుట్టూనే తిరుగుతుంది. ఆరవ సంవత్సరం ఏమిటి అన్నది ఎవరూ అడగని ప్రశ్న.

ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో తెలుగు పాఠకులకు వేరే చెప్పవలసిన పని లేదు. 2004లో కేంద్రం పాఠశాలలలో కంప్యూటర్ విద్యకు పథకం ప్రవేశపెట్టిన తరువాత అనేక రాష్ట్రాలు ప్రయివేటు సంస్థలతో అయిదేళ్ళ ఒప్పందాలు కుదుర్చుకొన్నవి. సంస్థే కంప్యూటర్లు పెట్టి, బోధకులను నియమించి, అయిదేళ్ళు నడిపి, ఆపైన అంతా పాఠశాలకు అప్పగించి వెళ్ళాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 ఉన్నత పాఠశాలలలో ఈ పద్ధతి అమలైనది. 2013లో గడువు ముగిసినది. యంత్రాలు మిగిలినవి, బోధకులు వెళ్ళిపోయినారు. ఆ కాలపు యంత్రాలలో విరివిగా వాడిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో తయారీదారు మద్దతు ఆగిపోయినది. విండోస్ 10కి సైతం 2025 అక్టోబరు 14తో అదే గతి పట్టినది. ఇవి ఆకస్మికంగా వచ్చిపడిన ఆపదలు కావు. ఈ తేదీలను తయారీదారు ఎన్నో ఏళ్ళ ముందుగానే ప్రకటించినాడు. కొనుగోలు దస్త్రంలో ఆ తేదీ ఒక పంక్తిగా ఉండి ఉంటే సరిపోయేది.

ఇక అన్నింటికన్నా ఖరీదైన పొరపాటు లైసెన్సులో కాక అక్షరాలలో దాగి ఉన్నది. రాయపూర్‌లోని కార్యాలయాలలో, హిందీ ప్రాంతమంతటా, చాలాకాలం 'కృతిదేవ్' అనే ఫాంటుతో హిందీ టైపు చేయడం అలవాటు. ఇంకను ఆ అలవాటు పూర్తిగా పోలేదు. ఈ ఫాంటు పాత రెమింగ్టన్ టైపు మిషను మీటల అమరికను అనుసరించినది కనుక టైపిస్టులకు చేతివాటంగా ఉంటుంది. అయితే కంప్యూటర్ లోపల దాచబడేది హిందీ అక్షరం కాదు, ఆ మీట మీది ఇంగ్లీషు గుర్తు. దేవనాగరిలో 'రాయపుర్' అని కృతిదేవ్‌తో టైపు చేస్తే యంత్రం దాచుకొనేది వరుసగా జె, కె, సెమికోలన్, ఐ, క్యూ, జె అనే ఆరు గుర్తులను. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరచి చూస్తే ఊరి పేరు మాయమై ఈ ఆరు గుర్తులే దర్శనమిస్తాయి. తెలుగు ముద్రణాలయాలలో అను ఫాంటులతో పనిచేసినవారికి ఈ కష్టం తెలియనిది కాదు. కాగితం మీద అచ్చు చక్కగా వస్తుంది, వెదకబోతే ఒక్క మాట దొరకదు.

దీని ఫలితం పాఠశాలలో ఎట్లా ఉంటుందో ఊహించవచ్చును. పదేళ్ళ ప్రవేశ రిజిష్టరును ఒక గుమాస్తా ఓపికగా కృతిదేవ్‌లో ఎక్కించినాడనుకొందాం. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినది. అది యూనికోడ్‌ను మాత్రమే గుర్తిస్తుంది. మార్పిడి సాధనాలు లేకపోలేదు, కాని అవి కొన్ని సంయుక్తాక్షరాల వద్ద తడబడుతాయి. పిల్లల పేర్లలోనే సంయుక్తాక్షరాలు ఎక్కువ. కనుక ప్రతి పేరును మనిషి చూసి దిద్దవలసి వస్తుంది. ఒకసారి చేసిన పనికి రెండవసారి కూలి చెల్లించడమంటే ఇదే. ఫాంటుల విషయంలో ప్రభుత్వం ఊరక ఉన్నదని చెప్పడానికి కూడ వీలులేదు. 2005లో సీడాక్ ద్వారా తమిళం, హిందీ, తెలుగు భాషలకు ఫాంటులను, ఇతర ఉపకరణాలను సీడీల రూపంలో ఉచితంగా పంచినారు. కాని అలవాటును మార్చేది సీడీ కాదు, కొనుగోలు షరతు. 'సమాచారమంతా యూనికోడ్‌లో ఉండవలెను' అనే ఒక్క వాక్యం టెండరు పత్రంలో ఉంటే సరఫరాదారు మరునాడే మారుతాడు.

గ్రంథాలయాలు ఈ పాఠాన్ని పాఠశాల కార్యాలయాలకంటె ముందుగా నేర్చుకొన్నవి. అది గ్రంథపాలకులు గర్వించదగిన విషయం. గ్రంథ వివరాలను యంత్రం చదువగలిగే ఒకే పద్ధతిలో వ్రాయడానికి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1960లలో 'మార్క్' అనే విధానాన్ని రూపొందించినది. ఆ విధానంలో ఉన్న సూచీని ఒక సాఫ్ట్‌వేర్ నుండి మరొకదానికి తరలించవచ్చును. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయం 1999లో ఒక చిక్కులో పడినది. వారి పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరపు తేదీలను అర్థం చేసుకొనలేదు. కొత్తది కొనే స్తోమతు లేదు. ఒక స్థానిక సంస్థచేత సొంతంగా వ్రాయించుకొని 2000 జనవరిలో వాడుకలోనికి తెచ్చినారు, లోకానికంతటికీ ఉచితంగా విడిచినారు. దాని పేరు 'కోహా'. మావోరీ భాషలో కానుక అని అర్థం. ఆ కానుకను ఈనాడు భారతదేశంలోని ఎన్నో కళాశాలల గ్రంథాలయాలు వాడుకొంటున్నవి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కళాశాలలకోసం 'సోల్'ను, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ప్రభుత్వ గ్రంథాలయాలకోసం 'ఇ-గ్రంథాలయ'ను తయారుచేసినవి. ప్రజల ధనంతో ఇన్ని సిద్ధమై ఉండగా ఒక పాఠశాల గ్రంథాలయం వెలపెట్టి మరొకటి కొనవలెనంటే అందుకు కారణం దస్త్రంలో వ్రాసి ఉండాలి. కారణం ఉండవచ్చును కూడ. వ్రాయమనడం కొనవద్దనడం కాదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకొనడం మంచిది. ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు ఉండదని కొందరు భావిస్తారు. ఈ విషయంలో కేరళ అనుభవం తరచుగా ఉదహరింపబడుతున్నది. 2000ల తొలినాళ్ళలో 'ఐటీ ఎట్ స్కూల్' పేరుతో మొదలై, 2017లో 'కైట్' అనే ప్రభుత్వ సంస్థగా మారిన ఆ వ్యవస్థ పాఠశాలల కంప్యూటర్లలో లినక్స్‌ను ఆధారం చేసుకొన్నది. దాదాపు రెండు లక్షల కంప్యూటర్లకు లైసెన్సులు కొని ఉంటే అయ్యే వ్యయాన్ని లెక్కకట్టి, 3,000 కోట్ల రూపాయలు ఆదా అయినదని 2019లో ఆ సంస్థ ప్రకటించినది. ఈ అంకెను కొంత జాగ్రత్తగానే గ్రహించాలి. ఎవరూ కొననిదానికి ధర కట్టి చెప్పిన ఆదా అది. లైసెన్సులన్నీ పూర్తి ధరకు ఏ రాష్ట్రమూ కొనదు. కేరళ అసలు సాధించినది ఆ అంకెలో లేదు. ఉపాధ్యాయులలోనుంచే శిక్షకులను తయారుచేసి, యంత్రం మొరాయిస్తే బాగుచేయగలవారు, పాఠ్యాంశానికి తగిన ఉపకరణం వ్రాయగలవారు పాఠశాలలకు అందుబాటులో ఉండేటట్లు ఏర్పాటు చేసుకొన్నారు. లైసెన్సుపై మిగిలిన ధనంలో కొంత మనుషులపై వెచ్చించకపోతే ఉచిత సాఫ్ట్‌వేర్ సైతం బీరువాలో తాళం వేసిన సీసావలె ఉండిపోతుంది. 2015లో కేంద్రం స్వేచ్ఛా మూలక సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమిస్తూ విధాన ప్రకటన చేసినది. ఆ విధానం ఉన్నదని తెలిసిన ప్రధానోపాధ్యాయులు ఎందరు?

మరొక రకపు 'ఉచితం' కూడ ఉన్నది. పెద్ద వ్యాపార సంస్థలు ఇచ్చేది అది. గూగుల్ సంస్థ విద్యాసంస్థలకు హద్దు లేకుండా ఇచ్చిన నిల్వ సదుపాయాన్ని 2022లో పరిమితం చేసినది. లోగడ ఏళ్ళ తరబడి అందులో నింపుకొన్నవారు ఏది ఉంచుకోవాలో, ఏది తీసివేయాలో తేల్చుకొనవలసి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జూన్‌లో బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకొని, అదే ఏడాది డిసెంబరులో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఆ సంస్థ పాఠాలు నింపిన టాబ్లెట్ల పంపిణీ ప్రారంభించినది. మొత్తం టాబ్లెట్లు 5 లక్షలకు పైబడినవి. పాఠాలకు సంస్థ వెల తీసుకోలేదు. 2024 జూలైలో ఆ సంస్థపై దివాలా ప్రక్రియ ఆరంభమైనది. పాఠాల నాణ్యత ఎట్టిదైనా కావచ్చు, పిల్లల చదువు ఒక సంస్థ ఆయుర్దాయంతో ముడిపడితే వచ్చే చిక్కు ఇది. సంపన్న దేశాలు సైతం దీనికి అతీతం కావు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగర పాఠశాలల యాజమాన్యం 2013లో ప్రతి విద్యార్థికీ ఐప్యాడ్ ఇవ్వడానికి భారీ పథకం చేపట్టి, అందులో నింపే పాఠాలు పూర్తిగా సిద్ధం కాకమునుపే ఒప్పందం కుదుర్చుకొని, 2014 ఆగస్టులో దానిని నిలిపివేసినది.

కొనుగోలు పద్ధతి సంగతికి వస్తే, అందరికన్న తక్కువ ధర చెప్పినవానికే ఉత్తరువు ఇవ్వాలనే నియమం బల్లలకు చక్కగా సరిపోతుంది. దానికి కారణం ఉన్నది. అధికారి ఇష్టాయిష్టాలకు చోటు లేకుండా చేయడం ఆ నియమపు ఉద్దేశం. 2016లో మొదలైన 'జెమ్' అనే కేంద్ర ప్రభుత్వ ఇ-మార్కెట్ కూడ ధరలను బహిరంగపరచి మేలు చేసినది. ఛత్తీస్‌గఢ్ మంత్రివర్గం 2024 జూలైలో ప్రభుత్వ కొనుగోళ్ళను తిరిగి జెమ్ ద్వారానే జరపాలని నిర్ణయించినది. అయితే రెండు సాఫ్ట్‌వేర్‌ల ధరలను పక్కపక్కన చూపగల మార్కెట్, వాటిలో ఏది ఆరంగ్ బడిలో పనిచేస్తుందో చూపలేదు. నాణ్యతకు కూడ మార్కులు వేసి ధరతో కలిపి చూసే పద్ధతిని కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖ 2021 అక్టోబరులో కొన్ని హద్దులతో మరికొన్ని రకాల కొనుగోళ్ళకు విస్తరింపజేసినది. నాణ్యతకు ఇచ్చే భాగం నూటికి 30కి మించరాదన్నది ఒక హద్దు. ఆ సదుపాయాన్ని వాడుకోవాలంటే నాణ్యత అంటే ఏమిటో ముందుగా కొనేవారు చెప్పగలగాలి.

చెప్పగలగడానికి పరీక్ష తప్ప మార్గం లేదు. రాయపూర్ జిల్లాలోనే నగరంలో ఒక పాఠశాల, అభన్‌పూర్ వైపు ఒకటి, తిల్దా వైపు ఒకటి ఎంచి నెలరోజులు వాడి చూడవచ్చును. అమ్మేవాని ప్రతినిధి పక్కన లేకుండా వాడి చూడాలి. కరెంటు పోయినప్పుడు నింపిన హాజరు నిలుస్తున్నదా, నెట్ లేనప్పుడు పని ఆగిపోతున్నదా, ముప్పై అయిదేళ్ళ సర్వీసు ఉన్న ఉపాధ్యాయురాలు ఎవరినీ అడగకుండా మార్కులు ఎక్కించగలుగుతున్నారా, ఇవి చూడవలసినవి. నెలాఖరున ఒక పని తప్పక చేయాలి. ఎక్కించిన సమాచారమంతా సాధారణ పట్టిక రూపంలో బయటికి తీసి ఇమ్మని సరఫరాదారును అడగాలి. ఇల్లు అద్దెకు తీసుకొనేవారు వాకిలి చూస్తారు. సాఫ్ట్‌వేర్ తీసుకొనేవారు పెరటి తలుపు కూడ చూడాలి. ఆ తలుపు తెరుచుకోకపోతే ధర ఎంత తక్కువైనా అది చౌక కాదు. ఎందుకనగా రెండవసారి ధర నిర్ణయించేది కొనేవారు కారు, అమ్మేవాడే.

ఇందుకు కావలసిన నేర్పు ఒక్కొక్క పాఠశాలకు విడిగా ఉండాలనడం అన్యాయం. 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పిన పాఠశాల సముదాయం ఆలోచనను 2020 జాతీయ విద్యావిధానం మళ్ళీ ముందుకు తెచ్చినది. ఛత్తీస్‌గఢ్‌లో ఇట్టి సముదాయాన్ని 'సంకుల్' అంటారు. ఒక సంకుల్‌లోని బడులన్నీ కలిసి ఒకే షరతులతో కొంటే బేరమాడే బలం వస్తుంది, శిక్షణ పొందినవారు ఇద్దరున్నా అందరికీ సరిపోతారు, ఒకరికి బదిలీ అయితే మరొకరు ఉంటారు. ఆ సంకుల్‌కు ఒక సాఫ్ట్‌వేర్ రిజిష్టరు ఉండాలి. మామూలు గీతల నోటుపుస్తకం చాలు. పేరు, లైసెన్సుల సంఖ్య, గడువు, నిర్వాహకుని సంకేతపదం ఉన్న సీలు కవరు ఎక్కడ ఉన్నదీ, చివరిసారి నకలు తీసిన తేదీ వ్రాయాలి. మరొక గడి ఈ సంవత్సరం దానిని నిజంగా వాడినవారి సంఖ్య. ఆ గడి నింపడం మొదలుపెడితే ఏ లైసెన్సులను పునరుద్ధరించనవసరం లేదో దానంతట అదే తెలుస్తుంది.

పిల్లల వివరాల విషయం కూడ ఇప్పుడు చట్టపు పరిధిలోనికి వచ్చినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు వారందరినీ బాలలుగా పరిగణించినది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది, దశలవారీగా అమలుకు ఏర్పాటైనది. విద్యార్థుల ఫొటోలు, చిరునామాలు, మార్కులు ఎవరి యంత్రాలలో నిలువ ఉంటున్నవి, ఒప్పందం ముగిసిన తరువాత అవి తుడిచివేయబడుతాయా అనే ప్రశ్నలు కొనుగోలు పత్రంలోనే అడగవలసినవి.

చివరగా, రాయపూర్‌లోని తెలుగువారికి బాగా తెలిసిన ఒక చిన్న సంగతి. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుండి ఈ ప్రాంతంలో రైల్వే పనులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. శ్రీకాకుళం వైపు నుండి ఇప్పటికీ పనులకోసం వచ్చేవారు ఉన్నారు. వారి పిల్లవాడు టి.సి. తెచ్చుకొని ఇక్కడి బడిలో చేరబోతే, సాఫ్ట్‌వేర్ తెరమీద పేరుకు మూడు గడులు కనిపిస్తాయి: మొదటి పేరు, నడిమి పేరు, చివరి పేరు. తెలుగువారి ఇంటిపేరు ముందుంటుంది. గుమాస్తా వరుసగా నింపుకొంటూ పోతే ఇంటిపేరు పిల్లవాని పేరవుతుంది, 'వెంకట సత్యనారాయణ' అనే ఒక్క పేరు రెండు ముక్కలై రెండు గడులలో పడుతుంది. పదవ తరగతి ధ్రువపత్రంలో ఒక తీరు, ఆధార్‌లో మరొక తీరు. ఆ తేడాను సరిచేయించుకొనడానికి తండ్రి ఒక రోజు కూలి వదలుకొని కార్యాలయానికి తిరగాలి. ఆధార్ రూపొందించినవారు పేరుకు ఒకే గడి పెట్టినారు. బడులకు సాఫ్ట్‌వేర్ అమ్మేవారు కూడ అట్లే పెట్టవచ్చును. పెట్టమని అడిగే అవకాశం కొనేవారికి ఒప్పందం మీద సంతకం చేయకముందే ఉంటుంది. తరువాత అడిగితే అది అదనపు పనిగా లెక్కకు వచ్చి, దానికి వేరే కొటేషను వస్తుంది.